జంట కట్టెలు

యేసేపు చచ్చిపోయిన పొద్దున ఫోను లైను ఆఫీసుకు పోయి అరిచిన ముగ్గురు వర్తకుల్లో నేనొకణ్ణి. ఈ ఒక్కటి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు.

అది 1978 నవంబరు. ఆదోనిలో నాకు పత్తి ఏరించే షెడ్డు ఉండేది. రైతు తెచ్చిన పత్తిలో ఆకు తునకలు, కాయ పెంకులు, పురుగు తిన్న ముక్కలు ఉంటాయి. వాటన్నిటినీ కసరు అంటాం. కసరు ఏరించి, గింజ తీసే జిన్నింగు మిల్లుకు వేయడం నా వ్యాపారం. ఎమ్మిగనూరులో నాకు బేరాలు ఉండేవి. గాలివానకు ఎమ్మిగనూరు ఫోను లైను తెగి మూడు రోజులైంది. నాలుగో రోజు పొద్దున మేం ముగ్గురం ఆఫీసుకు పోయి, సాయంత్రానికి లైను కలపకపోతే పైకి రాస్తామని బల్ల గుద్ది అరిచాం. ఇన్‌స్పెక్టరు భయపడి ఇద్దరు కూలీలను సైకిళ్ళ మీద పంపించాడు. వాళ్ళలో ఒకడు యేసేపు. తొమ్మిదేళ్ళుగా రోజుకూలీగా లైను పనిచేస్తున్నవాడు. ఆయన భార్య లింగమ్మ నా షెడ్డులోనే పత్తి ఏరుతుంది.

ఊరికి ఆరు మైళ్ళ అవతల ఒక మిల్లు కోసం కొత్తగా లాగిన కరెంటు తీగలు మా ఫోను తీగల మీదుగా రోడ్డు దాటతాయి. యేసేపు స్తంభం మీద కూర్చుని కొత్త తీగ లాగుతున్నాడు. బిగిసిన తీగ ఒక్కసారి పైకి ఎగిరి కరెంటు తీగకు తగిలింది. కిందున్న రెండోవాడు చెప్పిన మాట ఇంతే: "అరిసే టయిము గూడా ల్యా."

పది రోజులకు కర్నూలు నుంచి ఒక ఇంజనీరు జీపులో విచారణకు వచ్చాడు. లైను ఆఫీసు వరండాలో కుర్చీ వేశారు. నేను పోయాను, ఎందుకు పోయానో పైన చెప్పాను. నాతో బడే సాబ్ వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్ళు పెద్ద లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు, మా నాన్న స్నేహితుడు. నేను చాచా అంటాను. రెండు కళ్ళలోనూ పొరలు కమ్మి, మనిషిని గొంతుతోనే గుర్తుపట్టే స్థితిలో ఉన్నాడు అప్పటికి.

ఇన్‌స్పెక్టరు రాసిన రిపోర్టును ఇంజనీరు చదివాడు. కూలీ అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగినది, అని ఉంది అందులో.

"జోలె యాడుండాది దొరా?" అన్నాడు బడే సాబ్.

"ఏం జోలె?"

రెండు లైన్లు ఒకదాని మీద ఒకటి దాటేచోట నడుమ ఇనుప తీగల వల కడతారు. బిడ్డను పడుకోబెట్టే జోలెలాగా వేలాడుతుంది కాబట్టి లైన్‌మన్లు దాన్ని జోలె అనే పిలుస్తారు. పై తీగ తెగినా, కింది తీగ ఎగిరినా జోలెకే తగులుతుంది. జోలె భూమికి కలిపి ఉంటుంది, కరెంటు మనిషి దాకా రాదు. యేసేపు పోయినచోట జోలె లేదు.

"ఉంటే మంచిదే," అన్నాడు ఇంజనీరు. "లేనిచోట పని చేయించకూడదని మనకు రూలు ఉందా?"

"ఉండాది. జోలె లేనిచోట కరెంటు ఆపించి, ఆపినట్టు కాగితం చేతికొచ్చినాకనే మనిషిని స్తంభం ఎక్కించాల. యాభై ఎనిమిదిలో మాకు ట్రైనింగులో సదివి వినిపించినారు."

"ఏ పేజీ?"

బడే సాబ్ దగ్గర పేజీ లేదు. ఇంజనీరు మోసగాడు కాదు, కాగితం మనిషి. అందుకే నాకు ఆశ పుట్టింది. ఆఫీసు అల్మారాలోంచి లైన్ల నిర్మాణ ప్రమాణాల పుస్తకం తెప్పించి బల్ల మీద పెట్టించాడు. ఒక పుస్తకం కాదు, ఏడు. నీలం అట్టలు, ఇనుప మరలతో బిగించిన విడి కాగితాలు, అన్నీ ఇంగ్లీషు. ఏ విషయం ఏ పేజీలో ఉందో చెప్పే ఎనిమిదో పుస్తకాన్ని చెదలు తినేశాయి.

"నేను ఎల్లుండి సాయంత్రం నాలుగింటికి పోతాను," అన్నాడు. "ఆ లోపల పేజీ చూపిస్తే తప్పు మాదని రాస్తా, అతని భార్యకు ఆఫీసులో పని ఇప్పిస్తా. చూపించకపోతే ఈ రిపోర్టు మీద సంతకం పెడతా. పోయిన మనిషి కోసం నేను చేయగలిగింది ఇంతే."

లింగమ్మ వరండా మెట్ల కింద నిలబడి ఉంది. ఆమెకు ఆ రిపోర్టులో అర్థమైంది ఒక్క మాటే. బయటికొచ్చాక నన్ను అడిగింది, "అజాగ్రత్త అంటే తాగినాడనా సేటూ?"

"కాదు. సరిగ్గా సూసుకోలేదని."

"తొమ్మిదేండ్లు సూసుకున్యాడు కదా."

ఏడు పుస్తకాలు రిక్షాలో వేసుకుని షెడ్డుకు తెచ్చాను. బడే సాబ్ తన పేరు మీద సంతకం పెట్టి తెచ్చినవి. కూర్చుని పేజీలు లెక్క పెట్టాను: రెండు వేల మూడు వందల నలభై. నాకు తెలిసిన ఇంగ్లీషు తంతి కాగితాలు చదివేంత. పేజీకి నాలుగు నిమిషాలు వేసుకున్నా నూట యాభై ఆరు గంటలు. రోజుకు పది గంటలు చదివితే పదహారు రోజులు. నాకున్నది రెండు పగళ్ళు. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన వకీళ్ళ దగ్గరికి, హైస్కూలు అయ్యవార్ల దగ్గరికి పోయాను. ఒకాయన ఒక పుస్తకం తెరిచి చూసి, ఇది ఇంగ్లీషు కాదయ్యా, తీగల భాష అని మూసేశాడు. ఆఫీసుతో తగాదా మనకెందుకన్నాడు ఇంకొకాయన.

మరుసటి పొద్దున షెడ్డులో ఆడవాళ్ళు పత్తి ముందు వరసగా కూర్చున్నారు. సుగ్రాబీ ఎప్పటిలా మొదటి చోట ఉంది. ఇరవై ఏళ్ళుగా ఏరుతోంది. గుప్పెడు పత్తి పరిచి చెయ్యి ఒక్కసారి ఆడిస్తే గసగసాలంత ఆకు తునక వేలి కొసన ఉంటుంది. ఆమె పత్తిని చదవదు. తెలుపు మీద తెలుపు కానిదాన్ని మాత్రం చూస్తుంది. అక్కడ నిలబడి చూస్తుంటే నాకు తోచింది, పేజీ చదవాల్సిన పని లేదు, ఏరితే చాలు అని.

"చాచా, జోలెను పుస్తకంలో ఏమంటారు?"

"క్రేడిల్ అంటారు బేటా. క్రేడిల్ గార్డు."

"గార్డు అని వెతికిస్తే?"

"గార్డు పేజీ పేజీకి ఉంటాది. తుప్పుకు గార్డు, పిడుగుకు గార్డు, కోతులకు గార్డు. క్రేడిల్ ఒక్కటే, యాడో ఒక్కచోటే ఉంటాది."

అన్నిటికన్నా అరుదైన మాటను పట్టుకోవాలని నాకూ అనిపించింది. వర్తకుడి ఆలోచన అది. చొక్కా పెట్టెల అట్టలు చించి, పత్తి బేళ్ళ మీద నంబర్లు వేసే నల్లరంగుతో ఆ మాటను చిన్న అక్షరాలతో ఒక అట్ట మీద, పెద్ద అక్షరాలతో ఇంకో అట్ట మీద రాశాను. మరలు విప్పి కాగితాలు విడదీశాను. పత్తి తట్టలు పక్కకు జరిపించి వాళ్ళ ముందు పెట్టాను.

"ఈ పొద్దు పత్తి కాదు, ఇంగ్లీషు ఏరాల," అన్నాను.

హులిగమ్మ పకపకా నవ్వింది. ఆ షెడ్డులో నోరు ఆమెది. "సదువు రానోళ్ళకు ఇంగ్లీషు ఇస్తివి, సదువొచ్చినోళ్ళకు పత్తి ఇస్తివా సేటూ?"

"సదవొద్దు. ఈ బొమ్మ యాడ కనపడితే ఆడ నన్ను పిలవండి, అంతే."

అట్టను చేతులు మార్చుకుంటూ చూశారు. సుగ్రాబీ ఒక్కొక్క అక్షరానికీ పేరు పెట్టింది. మొదటిది విరిగిన గాజు. రెండోది మొలక. మూడోది చిన్న కడుపు. నాలుగు, ఐదు పక్కపక్కన నిలబడిన జంట కట్టెలు. చివరిది కన్ను. పెద్ద అక్షరాల అట్టకు వేరే పేర్లు పెట్టారు, ఆ ఆకారం ఏడు పుస్తకాల్లోనూ ఎవరికీ తగల్లేదు కాబట్టి అవి నాకు గుర్తు లేవు.

పదకొండు మందికి పంచుతుంటే లింగమ్మ వచ్చి పన్నెండో చోట కూర్చుంది. భర్త పోయి పదకొండు రోజులు, చేతులు బోసిగా ఉన్నాయి. ఇంటికి పొమ్మన్నాను.

"నా పనికి వేరేవాళ్ళు కూర్చుంటే నేను ఇంట్ల ఏం సేయాల?" అంది.

తలకు నూట తొంభై ఐదు పేజీలు. ఇద్దరు ఒకే కాగితం చూడకుండా, ఏ కాగితమూ తప్పిపోకుండా ఒక ఏర్పాటు చేశాను. షెడ్డులో తట్టల మీద ఎవరి గుర్తు వాళ్ళకు ఉంటుంది. బట్టల నీలిమందు చిప్పల్లో కలిపి పెట్టి, చూసిన ప్రతి పేజీ కింది మూలలో ఆ గుర్తు వేలితో వేయమన్నాను. సుగ్రాబీది ఒక చుక్క. లింగమ్మది రెండు చుక్కలు. హులిగమ్మది అడ్డగీత.

ఏరడం మొదలైంది. వాళ్ళు ఎడమ నుంచి కుడికి చూడలేదు. అరచేత్తో కాగితాన్ని నిమిరి, కొంచెం వంచి, కాసేపు ఊరికే చూసేవాళ్ళు. నాకు నాలుగు నిమిషాలు పట్టే పేజీ సుగ్రాబీకి రెండు నిమిషాలు.

"సేటూ! ఈడ!"

పరిగెత్తాను. హ్యాండిల్. చివర జంట కట్టెలు, కన్ను ఉన్నాయి. మనది కాదు.

"సేటూ!" బండిల్. "సేటూ, ఇదో!" మిడిల్. మళ్ళీ హ్యాండిల్. నీడిల్. ఇంగ్లీషులో ఇన్ని మాటలు ఈ కట్టెలతో ముగుస్తాయని నాకేం తెలుసు? మధ్యాహ్నం లోపల ముప్పై ఒక్కసార్లు పిలిచారు. ప్రతిసారీ నేను పోవాలి, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి, అనుమానం వస్తే చాచాకు వినిపించాలి, అప్పటికి పక్కవాళ్ళు కూడా చేతులు ఆపి తొంగి చూస్తుంటారు. అన్నాలవేళకు గుర్తులు లెక్క పెట్టాను. ఆరు వందల పేజీలు దాటాల్సింది, మూడు వందల ఎనభై దగ్గర ఉన్నాం. ఇట్లాగే పోతే రేపు నాలుగింటికి వెయ్యి పేజీలు మిగులుతాయి.

అప్పుడు చెప్పాను. నోటితో చెప్పిన ఆ మాటను ఎన్నిసార్లు మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకున్నానో.

"కట్టెలు సూసి ఆగొద్దు. గాజు సూడండి. గాజుతో మొదలైతేనే మనది. గాజు లేకపోతే దాన్ని దాటిపోండి, నన్ను పిలవొద్దు."

"కట్టెలే కండ్లకు కొడతాండాయి సేటూ," అంది సుగ్రాబీ. "ఆగకుండా ఎట్లా?"

"గాజు లేని కట్టెలు కసరు కాదు, పత్తి అనుకో."

షెడ్డులో రోజూ చెప్పే మాటే ఇది. మరీ చిన్న తునక కోసం ఆగితే సాయంత్రానికి తట్ట నిండదు. ఎంత వదలాలో తెలియనివాడు ఈ వ్యాపారం చేయలేడు.

పని వేగం పుంజుకుంది. మూడింటికి మొదటి నిజమైన క్రేడిల్ దొరికింది. హులిగమ్మ కాగితం నెత్తిన పెట్టుకుని తెచ్చింది. నేను గట్టిగా చదివాను, చాచా విన్నాడు, ముఖం వాడిపోయింది.

"ఇది ఫోను తొట్టి బేటా. మాట్లాడినాక ఫోను పెడతారే, ఆ తొట్టిని గూడా క్రేడిల్ అనే అంటారు. నాకు తోచనే ల్యా."

"పోనీ చాచా, ఇంకా ఉన్నాయి."

సాయంత్రానికి ఇంకో ఎనిమిది దొరికాయి. ఎనిమిదీ ఫోను తొట్లే.

రెండో రోజు వాళ్ళు వెలుతురు రాకముందే వచ్చి కూర్చున్నారు. నేను పిలవలేదు. మాటలు తక్కువైనాయి. ఒక్క హులిగమ్మ మాత్రం, "రెండు దినాల్లో నూట తొంభై పేజీల ఇంగ్లీషు దాటేస్తిని. మా ఆయప్ప రెండేండ్లు పదో తరగతిలోనే ఉండె," అంటే అందరూ నవ్వారు. లింగమ్మ కూడా నవ్వింది, ఆ నవ్వును సగంలో మింగేసింది. ఆమె వేళ్ళు నీలంగా ఉన్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వంచిన తల ఎత్తడం లేదు.

రెండున్నరకు చివరి కాగితం నా చేతికి వచ్చింది. మొత్తం క్రేడిళ్ళు ఇరవై మూడు. ఇరవై మూడూ ఫోను పెట్టే తొట్లు. ప్రతి పేజీ కింది మూల తిప్పి చూశాను. గుర్తు లేని పేజీ ఒక్కటి లేదు. లెక్క సరిపోయింది. లెక్క సరిపోయి కూడా నష్టం రావడం నాకు అదే మొదలు.

"ల్యాదంటే నేను నమ్మను," అన్నాడు చాచా. "నా చెవులతో విన్యాను."

"ప్రతి పేజీ చూశాం చాచా."

"అయితే నా చెవులే అబద్ధం సెప్పినాయి," అన్నాడు.

నాలుగింటికి ఇరవై మూడు కాగితాలు ఇంజనీరు ముందు పెట్టాను. ఏదో ఒకటి పెట్టాలి కదా. ఆయన అన్నీ ఓపికగా చదివాడు. "ఇవన్నీ ఫోను తొట్లు కదయ్యా," అన్నాడు, ఎగతాళిగా కాదు. పెన్ను తీసి సంతకం పెట్టాడు. రిపోర్టు విన్నట్టు లింగమ్మను వేలిముద్ర వేయమన్నారు. ఆమె బొటనవేలికి అప్పటికే నీలిమందు ఉంది. గుమాస్తా ఇచ్చిన సిరా వాడకముందే కాగితం మీద వేలు పడింది.

ఆ నెలాఖరుకు లింగమ్మ ఆదోని వదిలి ఎమ్మిగనూరుకు, అక్క ఉరుకుందమ్మ ఇంటికి పోయింది. నేను పొమ్మనలేదు, ఉండమని కూడా గట్టిగా అనలేదు. ఆమె కూర్చున్న చోట ఇంకొకామె కూర్చుంది. 1981లో బడే సాబ్ పోయాడు. చివరి వారం నేను పోతే చెయ్యి పట్టుకుని, "ఉండాది బేటా," అన్నాడు. ఏది అని అడగాల్సిన పని లేకపోయింది. 1984లో సుగ్రాబీ పోయింది. షెడ్డులో జబ్బులన్నీ ఊపిరితిత్తులవే.

1986లో లైను ఆఫీసు కొత్త భవనానికి మారింది. పాత కాగితాలు, అల్మారాలు వేలం వేశారు. ఆ కుప్పలో ఏడు నీలం అట్టలు కనపడి మొత్తం కుప్పను తీసుకున్నాను. మిగతా బస్తాలు అట్టల ఫ్యాక్టరీకి పోయే లారీకి ఎక్కించి, ఆ ఏడింటిని ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి నా వ్యాపారం తగ్గింది, టైముంది. ఈసారి ఏరలేదు. రోజుకు పది పేజీలు, వేలు పెట్టుకుని, ప్రతి అక్షరమూ చదివాను. అర్థమైనా కాకపోయినా. చాచా చెవులు నిజమో కాదో తేల్చుకోవాలని.

నూట అరవై రెండో రోజు, ఐదో పుస్తకం, పేజీ వెయ్యిన్ని ఆరు వందల పన్నెండు.

కరెంటు లైను దాటేచోట అనే వాక్యం ఒకటి పొడుగ్గా నడిచి, వరస చివరికొచ్చేసరికి జాగా చాల్లేదు. అచ్చువాడు మాటను తుంచాడు. గాజు, మొలక, కడుపు, ఒక చిన్న అడ్డగీత పై వరస కొసన ఉన్నాయి. జంట కట్టెలు, కన్ను కింది వరస మొదట్లో ఉన్నాయి. ఆ తర్వాత గార్డు అని ఉంది. ఆ తర్వాత చాచా చెప్పింది చెప్పినట్టే ఉంది. అది లేనిచోట, కరెంటు ఆపినట్టు రాతపూర్వకంగా తెలిసేవరకు, ఏ పనివాడినీ స్తంభం ఎక్కించరాదు.

పేజీ కింది మూలకు చూపు పోయింది. రెండు నీలం చుక్కలు.

ముందు కొత్త ఆఫీసుకు పోయాను. అక్కడ కుర్రవాడైన ఒక ఆఫీసరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది రద్దయిన పుస్తకం అండీ, కొత్తది వచ్చింది," అన్నాడు. ఆనాటికి ఇదే కదా రూలు అన్నాను. ఫైలు తెప్పిస్తానని లోపలికి పోయి అరగంటకు వచ్చాడు. పాత ఫైళ్ళు వేలంలో పోయినాయట. కొన్నదెవరని నేను అడగలేదు. ఆ బస్తాలు నా చేతుల మీదుగానే లారీ ఎక్కినాయి. ఆ రోజే ఫ్యాక్టరీకి మనిషిని పంపాను. ఎప్పుడో గుజ్జుగా ఉడికిపోయినాయన్నారు.

మిగిలింది లింగమ్మకు చెప్పడం ఒకటే. చెప్పకపోతే ఏమని కూడా లెక్క వేశాను. చెప్తే ఆమెకు పని రాదు, మనిషి రాడు. కాని అజాగ్రత్త అనే మాట మీద ఆమె వేలిముద్ర ఎనిమిదేళ్ళుగా ఉంది. ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. బస్సు ఆ స్తంభం దాటినప్పుడు తల తిప్పి చూశాను. జోలె ఉంది. ఎప్పుడు కట్టారో. అప్పుడే, మడిచి జేబులో పెట్టుకున్న కాగితం తీసి, రెండు చుక్కలున్న మూలను చింపి కిటికీలోంచి వదిలేశాను.

లింగమ్మ అక్క ఇంటి పంచలో రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. జుట్టు సగం తెల్లబడింది. నూలును కంటికి బాగా దగ్గరగా పెట్టుకుంటోంది.

"ఎట్లుండావు సేటూ? హులిగమ్మ బాగుండాదా?"

"బాగుంది. నోరు అట్లే ఉంది." జేబులోంచి కాగితం తీసి, "దొరికింది లింగమ్మా," అన్నాను.

రాట్నం ఆగింది.

అంతా చెప్పాను. రూలు ఏమందో తెలుగులో చెప్పాను. ఆఫీసు ఏమందో, ఫైలు ఏమైందో చెప్పాను. ఆమె విని, మొదట అడిగింది ఒక్కటే.

"అయితే ఆయన్ది తప్పు కాదు."

"కాదు."

"రాసి ఉండాదా అట్లని?"

"రాసి ఉంది."

"సాలు," అంది. రాట్నం మీద చెయ్యి వేసి, తిప్పకుండా ఉంచింది. "ఆ పేజీ ఎవురిది సేటూ? గుర్తు ఉంటాది గదా," అంది.

ఈ ప్రశ్న వస్తుందని బస్సులోనే లెక్క వేసుకున్నాను. "సుగ్రాబీది," అన్నాను. చనిపోయినామె మీద పెడితే ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

"సుగ్రాబీనా?" అంది. "ఆయమ్మ అట్ల వదిలేది కాదే. ఏదీ, ఇట్ల తే."

కాగితం ఇచ్చాను. ఆమె అరచేత్తో నిమిరింది. కొంచెం వంచి వెలుతురుకు పెట్టింది. ఎనిమిదేళ్ళయినా, చూపు తగ్గినా, నాకు నూట అరవై రెండు రోజులు పట్టిన చోటికి ఆమె వేలు ఊరికే పోయి ఆగింది.

"ఇదో, కట్టెలు," అంది. తర్వాత వేలు పై వరస కొసకు జరిగింది. "గాజు ఈడికి పోయింది."

వేలు కిందికి, మూలకు వచ్చింది. చిరుగు అంచును తడిమింది. "మూల ఏమాయె?"

"ఎలుకలు కొట్టినట్టున్నాయి."

"ఎలుక కొరికితే సన్న పండ్లు పడతాయి. ఇది సేత్తో సించింది." నా వైపు చూడకుండానే అంది. "నాకు యాదికుండాది సేటూ. రెండో దినం, ఎండ గోడ దిగినప్పుడు. వరస మొదట్లోనే కట్టెలు నిలబడుండె. ముందర గాజు ల్యా. ఇట్ల సూస్తి, ఇట్ల సూస్తి. గాజు లేనిది మనది కాదని నువ్వు సెప్పింటివి. రెండు సుక్కలు పెట్టి పక్కన ఏస్తి."

"నేను సెప్పబట్టే కదమ్మా."

"నువ్వు సెప్తివి. సూసింది నేను."

లోపల్నుంచి ఉరుకుందమ్మ ఎవరొచ్చినారని అడిగింది. ఆదోని సేటు అని చెప్పి, మంచినీళ్ళు తెమ్మంది లింగమ్మ. నీళ్ళు వచ్చాయి, తాగాను. పోతానని లేస్తే, "ఆ రూలు ఇంకొక తూరి సెప్పు," అంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. ఆమె కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని వింటోంది. పై వరస కొస నుంచి కింది వరస మొదటికి, కింది వరస మొదటి నుంచి మళ్ళీ పై వరస కొసకు, ఆమె వేలు పోయి వస్తూనే ఉంది. ఆదోని బస్సు ఒకటి పోయింది. నేను ఇంకా చెబుతుండగానే రెండోదీ పోయింది.